ఇంటి త్రిఫల, డాక్టరుగారి మాత్ర

బరంపురంలో తరాలుగా కాపురమున్న మా బోటివారి యిళ్ళలో త్రిఫల చూర్ణం వాడుక పాతదే. ఇంట్లో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అంటాము. బజారులో హరిడా, బాహాడా, అఁళా అని అడుగుతాము. పేర్లు వేరైనా కాయలు అవే గదా!

మా యింట గింజలు తీసి, యెండిన పెచ్చులు మూడూ సమభాగాలుగా దంచి, పలుచని గుడ్డలో జల్లిస్తాము. రాత్రి అరచెంచా పొడి గోరువెచ్చని నీళ్ళతో పుచ్చుకుంటే తెల్లవారి సుఖవిరేచనమవుతుంది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కాగితాలు రాసే గుమాస్తాలకు యిది చిన్న లాభం కాదు.

అయితే కిందటేడు మా అమ్మగారు, "త్రిఫల వుండగా యీ షుగరు మాత్రలెందుకురా?" అని మానబోయారు. నచ్చజెప్పడానికి మాకు వారం పట్టింది. చివరకు పొడి డబ్బాతో సహా డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్ళాము. త్రిఫల మాత్రకు బదులు కాదనీ, అదికూడా కొంత చక్కెరను తగ్గించవచ్చును గనుక రెండూ వాడేవారు రక్తపరీక్ష తప్పక చేయించుకోవాలనీ వారు చెప్పారు. గర్భిణులూ, నీళ్ళ విరేచనాలవుతున్నవారూ దీని జోలికి పోరాదట.

అమ్మగారు యిప్పుడు రెండూ వాడుతున్నారు. మీ పెద్దలను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళేటప్పుడు మందుచీటీతోపాటు యింటి పొడి సంగతికూడా చెప్పండి.