ఏరువాకనాటి నర్తకి – ఆమె సన్మానములు

శ్రీనాథ మహాకవికి విజయనగరమున కనకాభిషేకము జరిగెనని వినని తెలుగు ఇల్లాలు అరుదు. తాళ్ళపాక తిమ్మక్కకు గాని, ఆతుకూరి మొల్లకు గాని అట్టి అభిషేకము జరిగినట్లు మేమెచ్చటను చదువలేదు. స్త్రీలలో ఆ భాగ్యము తంజావూరి రంగాజమ్మకు దక్కినది. విజయరాఘవ నాయకుడు ఆమెకు కనకాభిషేకము చేయించెను. అయితే ఆ మాట చెప్పునప్పుడు పెద్దలు ఒక చిరునవ్వు కలుపుదురు. ఆమె రాజునకు ప్రియురాలు గదా యని. శ్రీనాథుని విలాసములను గూర్చి చెప్పునప్పుడును నవ్వుదురు గాని, ఆ నవ్వు వలన ఆయన మీద కురిసిన బంగారము ఒక్క మాడయైనను తరుగదు. రంగాజమ్మకు మాత్రము ఎనిమిది భాషలలో కవిత్వము చెప్పగల ప్రజ్ఞ ఆ నవ్వు వెనుక మరుగుపడిపోవును.

సోదరీమణులారా, ఈ తలపు మాకు 2023వ సంవత్సరము అక్టోబరు నెలలో కలిగినది. ఆ నెల 17వ తేదీన ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు వహీదా రెహమాను అను నటీమణికి దాదాసాహెబు ఫాల్కే పురస్కారము నొసంగిరి. చలనచిత్రములలో పనిచేసినవారికి మన ప్రభుత్వ మిచ్చు సన్మానములలో దానిని మించినది లేదు. 2021వ సంవత్సరమునకు గాను ఇచ్చినది. అప్పటి కామెకు ఎనుబదియైదేండ్లు. మా వారు పాఠశాల నుండి తెచ్చిన పత్రికలో ఆ బొమ్మ చూచి మేము సంతోషించుచుండగా, మా పెదమామగారు, "ఎంత సన్మానమైనా ఆటకత్తెకే గదా అమ్మా!" అనిరి. మా అత్తగారు వంటయింటి గడపలో నిలిచి, "ఆవిడ మన ఏరువాక పిల్ల కాదుటండీ, బావగారూ!" అని మాత్రము మెల్లగా అనెను. ఆ మాటలు ఢిల్లీలోని నటీమణి కొరకు అన్నవి కావు. మా పెద్దమ్మాయి పదునొకండేండ్ల పిల్ల. మూడేండ్లుగా కూచిపూడి నేర్చుకొనుచున్నది. పిల్లకు ఈడు వచ్చిన పిమ్మట మాన్పింపవలెనని పెదమామగారి అభిమతము. ఆయనను ఎదిరించి మాటాడుట మా యింట లేదు. కాబట్టి ఆయన యడిగినదానికి సమాధానము ఈ విధముగా వ్రాసికొనుచున్నాము.

మా అత్తగారి మాట నిజమే. 1955లో వచ్చిన 'రోజులు మారాయి' అను తెలుగు చిత్రములో మాస్టరు వేణుగారి బాణీకి, కొసరాజుగారి ఏరువాక పాటకు నృత్యము చేసిన పిల్లయే ఈ వహీదా రెహమాను. ఆమె చెంగల్పట్టున పుట్టినది. బాల్యమున కొంతకాలము విశాఖపట్టణములో చదువుకొన్నది. తండ్రి ప్రభుత్వోద్యోగి. ముసల్మానుల యింటి పిల్ల భరతనాట్యము నేర్చుటయా యని చుట్టములు ఆక్షేపించినను, ఆ తండ్రి లక్ష్యపెట్టలేదట. ఆయన తొందరగా పోయెను. వైద్యురాలు కావలెననుకొన్న పిల్ల, తల్లికి జబ్బుచేయుటతో, తనకు తెలిసిన నాట్యమునే ఇంటికి ఆధారముగా జేసికొనెను. నాట్యము కులాసాకు నేర్చిన పిల్లకు కాటకాలమున అదియే అన్నము పెట్టినది. పెదమామగారు ఈ భాగమును మనసుపెట్టి వినవలెనని మా కోరిక.

ఆ చిత్రమునకు జనులు పట్టిన నీరాజనము హైదరాబాదులో చూచియే గురుదత్తు ఈమెను బొంబాయికి పిలిపించెను. అచ్చట 1956లో వచ్చిన 'సి.ఐ.డి.' ఆమెకు తొలి హిందీ చిత్రము. ఏరువాక పాట బాణీ సైతము తరువాత బొంబాయి చేరి, 1960లో 'బొంబాయి కా బాబు' అను చిత్రములో హిందీ మాటలు కట్టుకొని వినబడినది. మన పాటను మనమే మరచి, అది హిందీ వారి దనుకొనువారు మా పెండ్లివారిలోనే కలరు.

బొంబాయిలో జరిగిన యొక సంగతి ఆమె బిరుదుల పట్టికలో ఎక్కడను కనబడదు. పేరు పొడుగుగా నున్నది, మార్చుకొమ్మని అచ్చటివారు చెప్పిరి. అప్పటికి మధుబాల, మీనాకుమారి, నర్గీసు – అందరును పేరు మార్చుకొన్నవారే. ఈమెకు పదునెనిమిదేండ్లు నిండలేదు, చేతిలో డబ్బు లేదు, ప్రక్కన జబ్బుమనిషి తల్లి. అయినను, "ఇది నా తలిదండ్రులు పెట్టిన పేరు, మార్చుకొన"నని చెప్పెను. అంతతో ఊరకొనక, తనకు ఇష్టములేని దుస్తులు ధరింపనని ఒడంబడిక కాగితములో వ్రాయించెను. అత్తవారింటి గడప త్రొక్కిన నాడు, మా పుట్టినింటి యింటిపేరు ఏ కాగితము నుండి ఎప్పుడు తొలగిపోయినదో కూడ మేము గమనింపలేదు. మా బోటివారికి ఆ పదునేడేండ్ల పిల్ల ధైర్యము ఫాల్కే పురస్కారము కంటె తక్కువదిగా తోచదు.

'ప్యాసా' 1957లో, 'కాగజ్ కే ఫూల్' 1959లో, 'చౌదహ్వీఁ కా చాంద్' 1960లో వచ్చినవి. నేడు ఆమె పేరు చెప్పగానే చిత్రముల నెరిగినవారు ముందుగా తలచునవి ఇవియే. ఫిలింఫేరు వారి బహుమానములు 1954 నుండియే ఉన్నవి. అయినను ఈ మూడింటికిని ఉత్తమనటి బహుమానము ఈమెకు రాలేదు. 'కాగజ్ కే ఫూల్' ఆనాడు డబ్బు తేలేదు, మెప్పును తేలేదు. ఆ చిత్రములో వెలుగునీడలను పట్టిన ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తికి ఫాల్కే సన్మానము 2008వ సంవత్సరమునకు గాని రాలేదు. మంచి పనికి ఫలము వచ్చుటకు ఎంతకాలమైనను పట్టవచ్చును. మామిడి టెంక పాతిన మా తాతగారు ఆ కాయ రుచి చూడలేదు.

1965లో 'గైడ్' వచ్చినది. ఆర్.కె. నారాయణుగారి నవల దానికి మూలము. అందులో రోజీ దేవదాసి కూతురు; శిలలను, శిథిలములను తవ్వుకొనుచు భార్యను మరచిన భర్తను విడిచి, కాలికి గజ్జె కట్టి, దేశమంతట పేరొందిన నర్తకి యగును. అట్టి పాత్ర ధరించిన చెడ్డపేరు వచ్చునని, వలదని చెప్పినవారు ఉండిరని ఆమెయే ముచ్చటించియున్నది. ఆమె వినలేదు. 1967లో ఫిలింఫేరు వారు ఆ చిత్రమునకు ఏడు బహుమానములిచ్చిరి. ఉత్తమనటి బహుమానము ఆ ఏడింటిలో ఒకటి. ఆ బహుమానముగా ఇచ్చు ప్రతిమ చేతులెత్తి నాట్యమాడు స్త్రీ. నటుడైనను, దర్శకుడైనను, పాటలు వ్రాసినవాడైనను, గెలిచిన ప్రతి పురుషుడును చేతపట్టుకొని ఇంటికి కొనిపోవునది ఒక నర్తకి బొమ్మనే. దానిని బైఠకుఖానాలో అద్దాల బీరువాలో అలంకరింతురు!

రెండవ ఫిలింఫేరు బహుమానము 1968నాటి 'నీల్ కమల్'కు. అందు ఆమె సీతయను ఇల్లాలు. పూర్వజన్మ శిల్పి యొకడు పిలువగా నిద్రలో నడచి పోవుచుండును. అత్తయు ఆడుబిడ్డయు ఆమె శీలమును శంకించి రాపాడుదురు. ఇల్లు విడిచిన స్త్రీకి ఒక బహుమానము. ఇంటిలో నిందలు మోసిన స్త్రీకి, రెండేండ్లు తిరుగకుండ, మరియొకటి. న్యాయనిర్ణేతల మనస్సులో ఏమున్నదో మాకు తెలియదు గాని, మా మట్టుకు 'నీల్ కమల్' కంటె 'ఖామోషీ' నూరు రెట్లు మేలు. అందులో ఆమె ఆసుపత్రి నర్సు. మతిచెడిన రోగికి నయమగుటకై వానిపై ప్రేమ అభినయింపుమని వైద్యుడు ఆజ్ఞాపించును, అభినయము నిజమగును, రోగికి నయమగును, ఆమెకు మతి తప్పును. పరుల సేవలో తన మనసును ఎవరును లెక్కచేయని స్త్రీని ఇంత నిశ్శబ్దముగా చూపిన చిత్రమును మేము మరొకటి చూడలేదు. దానికి పేరు పరిశీలనకు వచ్చెను గాని, బహుమానము రాలేదు. ఈ విషయమున మా వారు మాతో ఏకీభవింపరు. వారికి 'నీల్ కమల్'లోని అప్పగింతల పాట వినిన కండ్లు చెమర్చును. ఇద్దరాడపిల్లల తండ్రి గదా!

జాతీయ బహుమానము 1971నాటి 'రేష్మా ఔర్ షేరా'కు లభించినది. ఎడారిలో రెండు వంశముల పగ నడుమ నలిగిన ప్రేమకథ అది. జనులు అంతగా చూడలేదు. ఆ రోజులలో జాతీయ ఉత్తమనటి బహుమానమును 'ఊర్వశి' యనియు, ఉత్తమనటుని దానిని 'భరత' యనియు పిలిచిరి. ఈ పేరులు పెట్టినవారు కాళిదాసును ఎంత శ్రద్ధగా చదివిరో యని మాకు ఆశ్చర్యము. విక్రమోర్వశీయములో ఊర్వశి దేవసభలో లక్ష్మీపాత్ర ధరించి, 'పురుషోత్తము'డని పలుకవలసిన చోట తాను వలచిన 'పురూరవు'ని పేరు పలికెను. ఆ తప్పునకు ఆమెను శపించినవాడు నాటకమును నేర్పిన భరతాచార్యుడే. శపించిన గురువు పేరు పురుషులకు, శాపము పొందిన నటి పేరు స్త్రీలకు! మన తెనాలి ఆడపడుచు శారద 1968లోను, వహీదాకు మరుసటి ఏడైన 1972లోను ఈ బిరుదమునే పొందినది. ఆమెను ఊర్వశి శారద యనియే తెలుగువారు ముద్దుగా పిలుచుకొందురు. వహీదాను మాత్రము ఎవరును ఊర్వశి యనలేదు. పట్టుబట్టి నిలుపుకొన్న ఆ పొడుగు పేరే ఆమెకు చాలినది.

1972లో పద్మశ్రీ వచ్చినది. 1974లో వివాహము, పిమ్మట బెంగుళూరు దగ్గర పొలము, ఇద్దరు బిడ్డలు. నడుమ నడుమ నటించుచునే యుండెను. 2000లో భర్త పోయిన తరువాత మరల చిత్రములలోనికి వచ్చి, తల్లిగా, అవ్వగా నటించెను. 2011లో పద్మభూషణము, 2013లో గోవా చిత్రోత్సవమున శతజయంతి పురస్కారము, దానిని మొట్టమొదట అందుకొన్నది ఈమెయే.

వీటి నడుమ 2006వ సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారిచ్చిన ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కార మొకటి కలదు. 1955లో రామారావుగారి 'జయసింహ' చిత్రములో ఈమె రాజకుమారిగా నటించియుండెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఆ నటుని పేరిటి బిరుదమును తెలుగువారి చేతుల మీదుగా అందుకొన్నది. పుట్టినింటివారు ఆలస్యముగా పెట్టిన చీరవంటిది ఇది. అయినను చీర చీరయే.

ఇక ఫాల్కే సన్మానము మాట. మొట్టమొదటిది 1969వ సంవత్సరమునకు ఒక నటికే ఇచ్చిరి. వాల్తేరున పుట్టిన దేవికారాణికి. పిమ్మట సులోచనకు, కాననదేవికి, 1983లో దుర్గా ఖోటేకు ఇచ్చిరి. ఆ తరువాత 2020వ సంవత్సరపు సన్మానము ఆశా పారేఖునకు వచ్చువరకు, ముప్పదియేడేండ్లలో ఒక్క నటికిని అది రాలేదు. లతా మంగేష్కరునకు, ఆశా భోంస్లేకు వచ్చినవి, వారు గాయనులు. ఏరువాక పాట ఉన్న చిత్రమునకు నాయకుడైన అక్కినేని నాగేశ్వరరావుగారికి 1990లో వచ్చినది. 'గైడ్' నాయకుడు దేవ్ ఆనందునకు 2002లో. వారు వయస్సున పెద్దలు, ముందు వచ్చుట న్యాయమే. కాని ఆ ముప్పదియేడేండ్ల లోపల నూతన్ 1991లో పోయినది. పాడి, నటించి, చిత్రములు తీసి, కథలు వ్రాసిన మన భానుమతీ రామకృష్ణ 2005లో పోయినది. వారి యింటి తలుపు ఈ సన్మానము తట్టలేదు. వహీదాకు ఆయుర్దాయముండుట చేత అందినది. దేవ్ ఆనందుని నూరవ పుట్టినరోజున ఈ వార్త వెలువడినందుకు ఆమె మురిసిపోయెనట. ఆలస్యమును గూర్చి నిష్ఠూరమాడినట్లు మేము వినలేదు. ఆమె ఆడకపోయినను మనము ఆడవచ్చును.

మేము తండ్రిగారి యొద్ద అమరము, రఘువంశము, వసుచరిత్రము చదివితిమి గాని ఏ పరీక్షకును కూర్చుండలేదు. పొరుగు పిల్లలు పద్యములకు అర్థము చెప్పించుకొని పోయి బహుమతులు తెచ్చుకొందురు. రేషను కాగితములో మా వృత్తి యెదుట ఒక గీత మాత్రమున్నది. దీనికి మాకు చింత లేదు గాని, మా అమ్మాయి కాగితములో ఆ చోట ఏమి వ్రాయుదురో యను విచారము లేకపోలేదు. కిందటి మాసము ఆమె పాఠశాల వార్షికోత్సవమున ఆడినది. పెదమామగారు రాలేదు; కాని రాత్రి అందరు పడుకొన్న పిమ్మట పిల్లను పిలిచి, బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నెను చేతితో తడిమి చూచి, "ఎన్ని నిమిషములు ఆడితివే?" అని యడిగిరట. ఆయనకు చూపు మందగించినది. ప్రతి మాసమును ఈ పత్రికను ఆయనకు చదివి వినిపించుట మా పనియే. ఈ వ్యాసము అచ్చుపడినయెడల దీనిని కూడ మేమే చదువవలసియుండును.