కారు నెత్తిన కాపురం

2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులిచ్చారు. ఆ సెలవుల విలువ ముప్పై ఏళ్లు శాఖలెంట, బదిలీలెంట తిరిగిన నాబోటి వాడికే తెలుస్తుంది. బళ్లారిలో సొంతింటికి చేరిన తరువాత మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. శనివారం తెల్లవారగానే కారు తీస్తాం. ఒకసారి తుంగభద్ర జలాశయం వెనుక నీళ్ల వైపు, ఒకసారి సండూరు కొండల వైపు, మరోసారి గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి మీదుగా గండికోట. రాత్రి ఎక్కడో ఒకచోట ఆరుబయట గడిపి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరతాం. నేను, మా ఆవిడ, ఎనభై ఏళ్లున్న మా అమ్మ. వెంట ఒక డబ్బా జొన్నరొట్టెలు, ఒక సంచి మండక్కి. తెల్లారి ఉగ్గాణి చేసుకోవాలి కదా!

ఎక్కడ పడుకుంటారని చాలామంది అడుగుతుంటారు. తెలిసిన రైతుల కళ్లాల్లో, తోటల్లో, అడిగి పడుకుంటాం. ఇచ్చే రుసుము ఇచ్చే వస్తాం, బ్యాంకు మనిషికి ఊరికే తీసుకోవడం మంచిది కాదు. హంపీ శిథిలాల మధ్యన, అభయారణ్యాల్లోన ఇష్టం వచ్చినట్టు మకాం వేయకూడదు. అనుమతి ఉన్న చోటే దిగాలి.

ఇంతవరకూ మా సామగ్రి రెండు చాపలు, ఒక దోమతెర, మూడు దుప్పట్లు, ఒక గొంగడి. మెల్‌బోర్న్‌లో ఉన్న మా పెద్దమ్మాయికి ఇది నచ్చలేదు. "నాన్నా, ఈ వయసులో నేల మీద పడకేమిటి? ఇక్కడ అందరూ రూఫ్‌టాప్ టెంట్ పెట్టించుకుంటారు. నీ రిటైర్మెంటుకు నేనే కొనిస్తాను" అంటూ ఫోటోలు పంపింది. చూడని వారి కోసం చెబుతాను. కారు పైకప్పు మీద అడ్డకమ్ములు బిగించి, వాటి మీద ఒక మడత గుడారాన్ని కూర్చోబెడతారు. దిగిన చోట విప్పితే పరుపుతో సహా ఇద్దరు పడుకునే గది తయారు. ఎక్కడానికి నిచ్చెన ఉంటుంది. గట్టి పెట్టెలాగా ఉండే రకం నిమిషంలో లేస్తుంది కాని చోటు తక్కువ. గుడ్డ మడతల రకం విప్పడానికి, ముఖ్యంగా మడవడానికి, ఓపిక కావాలి. చోటు మాత్రం ఎక్కువ.

ఇది నిన్న మొన్నటి వింత కాదు. ఇటలీలో 1958 నుంచే ఇలాంటివి తయారయ్యాయి. తూర్పు జర్మనీలో ట్రబాంట్ అనే బుల్లి కారు నెత్తిన కూడా 1970ల చివరికి గుడారం వేసుకుని విహారాలకు వెళ్లారు. అంత చిన్న కారే మోసినప్పుడు మన కారు మోయదా అని నాకూ ఉత్సాహం పుట్టింది.

కాని ఉత్సాహం ఒకటి, అప్రైజల్ ఒకటి. చదివింది బి.కాం., చేసింది రుణాల పని. కాగితం, కలం తీసుకున్నాను.

ఏడాదికి రెండో, నాలుగో శనివారాలు కలిపి 24. మార్చి నుంచి మే వరకు మా బళ్లారి ఎండలో గుడారంలో పడుకునే ధైర్యం ఎవరికీ ఉండదు గనుక ఆరు పోయాయి. వానలు, పెళ్లిళ్లు, పండుగలు, ఆడిట్లు కలిపి ఇంకో ఆరు. మిగిలినవి 12 రాత్రులు. నేను విచారించిన గుడారం లక్షా ఇరవై వేలు, అడ్డకమ్ములూ బిగింపూ పాతిక వేలు, వెరసి 1,45,000. ఎనిమిదేళ్లు వాడి పాతిక వేలకు అమ్ముకుంటామనుకుందాం. తరుగు ఏడాదికి 15,000, అంటే రాత్రికి 1,250. చిక్కుకున్న డబ్బు సగటున 85,000. దాని మీద ఏడు శాతం వడ్డీ 5,950, అంటే రాత్రికి మరో 500. నెత్తిన బరువూ గాలికి అడ్డమూ వల్ల పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అది వేరే. రాత్రికి 1,750 అంటే మంచి లాడ్జిలో గది కిరాయికి దగ్గర. పన్నెండు రాత్రులు వెళ్లేవాడికి ఫరవాలేదు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేవాడికి అదే లెక్క రాత్రికి ఐదు వేలు దాటుతుంది.

"అమ్మాయి కొనిస్తానంటోంది కదా, మీకెందుకు లెక్కలు?" అంది మా ఆవిడ. డబ్బు ఎవరిదైనా లెక్క ఒకటే అన్నాను.

తరువాత బరువు సంగతి. ప్రతి కారుతోబాటు ఇచ్చే పుస్తకంలో పైకప్పు మీద ఎన్ని కిలోలు మోయవచ్చో రాసి ఉంటుంది. మా కారుకు 75 కిలోలు. గుడారం 62, అడ్డకమ్ములు 15, మొత్తం 77. రెండు కిలోలే కదా అనుకోవచ్చు. కాని ఆ హద్దు కారు నడుస్తున్నప్పటిది. గుంతలో పడ్డప్పుడు, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఆ బరువు కమ్మీల మీద ఎన్నో రెట్ల బలంతో పడుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు అదే పైకప్పు అంతకు బాగా ఎక్కువ మోస్తుంది. అందుకే ఇద్దరు మనుషులు పైన పడుకున్నా కూలదు. ఈ తేడా తెలియక "మనుషులనే మోసింది, గుడారాన్ని మోయదా" అనుకునేవారున్నారు. ఖనిజం లారీలు తిరిగే సండూరు దారుల్లో ప్రయాణం చేసేవాళ్లం, మాకు ఆ హద్దు లక్ష్మణరేఖే. పైగా బరువు పైకి చేరితే మలుపుల్లో బండి ఒరుగుతుంది. గాలి ఈడ్చికొట్టే ఆషాఢంలో అది చిన్న విషయం కాదు.

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. కనుక పైకప్పుకు రంధ్రాలు పొడిచి శాశ్వతంగా ఏదీ బిగించవద్దు. ఊడదీయగలిగే సామాను విషయంలో కూడా ముందుగా ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు దగ్గర పెట్టుకోవడం మేలు. ప్రమాదం జరిగాక పుట్టే వివాదాల్లో నోటిమాట చెల్లదు.

ఇంతా చెప్పి మంచి చెప్పకపోతే అన్యాయం. మా ప్రాంతం రాతిగుట్టల సీమ. గుండు కింద తేలు, పొద కింద పాము మామూలే. కారు పైన పడుకుంటే ఆ భయం తగ్గుతుంది. నేల ఎగుడుదిగుడైనా పరుపు చదునుగా ఉంటుంది. గాలి బాగా ఆడుతుంది. బురద అంటదు. ఎలుగుబంట్ల నుంచి రక్షణ అని కూడా ఒక మిత్రుడు అన్నాడు. దరోజీలో 1994లో ఎలుగుబంట్ల కోసం అభయారణ్యమే ఏర్పడిన జిల్లా మాది, వాటి సంగతి మాకు కొంత తెలుసు. చెట్టెక్కే జంతువుకు కారెక్కడం ఒక లెక్కా?

ఒక మిత్రుడి బంధువులు బెంగళూరు నుంచి అలాంటి గుడారం ఉన్న జీపులో హొసపేట వచ్చినప్పుడు ఒక రాత్రి మమ్మల్ని పడుకోనిచ్చారు. పైనుంచి జలాశయం నీళ్ల మీద వెన్నెల చూస్తూ మా ఆవిడ చిన్నపిల్లయిపోయింది. రాత్రి రెండు గంటలకు ఆమెకు కిందికి దిగవలసి వచ్చింది. మోకాళ్ల నొప్పులు, ఏడు మెట్ల నిచ్చెన, మంచుకు తడిసిన మెట్లు. నేను ముందు దిగి కింద టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఒక్కో మెట్టుకు ఒక్కో దేవుణ్ణి తలుచుకుంది. మళ్లీ ఎక్కలేదు. తెల్లవారేదాకా ఇద్దరం జీపులో కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం.

అయినా అసలు ప్రశ్న అది కాదు. ఆ రాత్రి అమ్మ మాతో లేదు, చెల్లెలి ఇంట్లో ఉంది. గుడారంలో చోటు ఇద్దరికి. ఇంకాస్త పెద్దది కొన్నా అమ్మ నిచ్చెన ఎక్కలేదు. మరి అమ్మ?

నాన్న పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లో అమ్మకు సరిగా నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి నాన్న కుర్చీ దగ్గర కూర్చుంటుంది. డాక్టరు మాత్రలిచ్చాడు, అవి వేసుకుంటే పగలంతా తూలుతుంది. ఆరుబయట మాత్రం, చాప మీద పడుకుంటే, మా ముగ్గురిలో మొదట గురకపెట్టేది ఆమే. మేము నెలకు రెండుసార్లు బయలుదేరడానికి అసలు కారణం అదే. అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు, దూరాన ఉన్న పిల్ల బాధపడుతుందని.

మేమిద్దరం వంటింట్లో గుసగుసగా మాట్లాడుకుంటుంటే అమ్మ వినేసింది. "నేనెక్కలేను గానీ నాయనా, మీరు పోయిరాండి. పక్కింటామె ఉందిగదా, నాకేం భయం" అంది. అని ఊరుకోకుండా ఫోటో చూపించమంది. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

అమ్మ పుట్టింది ఆలూరు తాలూకాలో. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు, మా బళ్లారి మైసూరుకు పోయినప్పుడు ఆమె పసిపిల్ల. సరిహద్దు వచ్చినా బండ్లు ఆగలేదు. ఏటా మాఘమాసంలో మైలార లింగేశ్వరుని జాతరకు ఎడ్ల బండ్లు కట్టుకుని పోయేవారట. మైలారం 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోకి వెళ్లింది గాని అప్పట్లో బళ్లారి జిల్లాయే. దారిలో రాత్రుళ్లు మకాం. ఎద్దులను విప్పి, బండి కింద జొన్నచొప్ప పరిచి, పైన గొంగడి వేసి పడుకునేవారట. ఇరుసుకు లాంతరు వేలాడదీసేవారట.

ఫోటో తిరిగిచ్చేస్తూ అమ్మ అంది: "మేం బండి పైన సామాన్లు పెట్టి కింద పండుకుంటాంటిమి. మీరు కింద సామాన్లు పెట్టి పైన పండుకుంటారా? దిగేటప్పుడు పడితే ఎవురు లేపల్ల?"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నా అప్రైజల్ నోటు ఆ మాటతో పూర్తయింది.

చివరికి మేము కొన్నది ఇదీ. నిలబడి చీర కట్టుకునేంత ఎత్తున్న నేల గుడారం ఒకటి. అడుగుగుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉంటుంది, జిప్పు వేస్తే తేలు దూరదు. కారు పక్కన నీడకు ఒక పందిరిగుడ్డ. అమ్మకు మడత మంచం, మా ఇద్దరికీ గాలి పరుపు. మొత్తం 29,000 రూపాయలు, 24 కిలోలు, అన్నీ డిక్కీలోనే పడతాయి. అమ్మాయి పంపిన డబ్బులోనే కొన్నాం, మిగిలింది వెనక్కి పంపుతానంటే ఒప్పుకోలేదు. అమ్మ నిద్ర సంగతి అప్పుడు ఆమెకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "అవ్వకు మంచి దిండు కూడా కొను నాన్నా" అంది.

పాఠకుల్లో కొనాలనుకునేవారికి నా సలహా: వయసులో ఉన్న ఇద్దరు, నెలకు రెండు రాత్రులు, దృఢమైన పైకప్పున్న బండి, దించి దాచుకోవడానికి చోటు, సాయం పట్టే మనిషి ఉంటే రూఫ్‌టాప్ టెంట్ నిక్షేపంగా కొనుక్కోండి. కొనేముందు ఒక రాత్రి అద్దెకు తీసుకుని, అర్ధరాత్రి ఒకసారి ఎక్కి దిగి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం మొదట వాళ్ల పక్క ఎక్కడో తేల్చుకుని, ఆ తరువాతే కాటలాగు తెరవండి.

వచ్చే నాలుగో శనివారం గండికోట అనుకున్నాం. పెన్న గట్టు మీద రాత్రి చలి ఉంటుందని కొత్త కంబళ్లు తీశాను. అమ్మ వాటిని పక్కన పెట్టి, అటక మీద నుంచి నాన్న గొంగడి దింపించింది. రెండు రోజులుగా అది డాబా మీద ఎండుతోంది.