మూడో రన్ ఉందిగా!

పరీక్షల్లో సప్లిమెంటరీ అనే సదుపాయం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, హాఫ్‌పైప్ స్కీయింగ్‌కి నియమాలు రాసింది ఆయన దగ్గర బంధువే అయ్యుండాలి. ఒలింపిక్ ఫైనల్లో ఒక్కొక్కరికీ మూడు రన్‌లు. మూడింట్లో ఏది బాగా వస్తే అదే లెక్క. కూడికలు లేవు, సగటు లేదు. మిగతా రెండూ గంగలో కలిసినా అడిగేవాడుండడు. వినడానికి ఎంత ఉదారంగా ఉందో చూడండి! సరే, మొదటి రెండూ నిజంగానే గంగలో కలిశాక మూడోది ఎలా ఉంటుందో తెలియాలంటే డేవిడ్ వైజ్ సంగతి చెప్పుకోవాలి.

ఈ వైజ్ అమెరికాలో నెవాడా రాష్ట్రం, రీనో ఊరివాడు. 1990లో పుట్టాడు. అతను ఆడే ఆట గురించి ముందు రెండు ముక్కలు. ఒక పెద్ద గొట్టాన్ని నిలువునా చీల్చి, సగం తీసి కొండవాలు మీద పరిచారనుకోండి, అదీ హాఫ్‌పైప్. అంతా గట్టిపడిన మంచే. రెండు పక్కలా గోడలు 22 అడుగులు, అంటే రెండంతస్తుల మేడంత. స్కీయర్ ఈ గోడ ఎక్కి గాల్లోకి లేచి, గిరికీలు కొట్టి, మళ్ళీ అదే గోడ మీద దిగాలి. ఆ ఊపుతోనే ఎదుటి గోడకి. దిగడం గోడ పైభాగంలో, వాలు మొదలయ్యే చోట జరిగితే వేగం నిలుస్తుంది. అది దాటి అడుగున చదును మీద పడ్డాడా, వేగమూ పోతుంది, మోకాళ్ళూ పోతాయి. ఇక గోడ అంచు మీదే పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఐదారు గెంతులు, అర నిమిషం, అంతే. ఎంత ఎత్తు లేచాడు, ఎంత కష్టమైనవి చేశాడు, ఎన్ని రకాలు చూపించాడు, ఎంత శుభ్రంగా దిగాడు అని చూసి జడ్జీలు నూటికి మార్కులేస్తారు.

ఒలింపిక్స్‌లో ఈ పోటీ మొదటిసారి పెట్టింది 2014లో, రష్యాలోని సోచిలో. ఫిబ్రవరి 18, పైనుంచి తడిమంచు కురుస్తూనే ఉంది. అప్పుడింకా రెండే రన్‌లు. వైజ్ మొదటి రన్‌లోనే 92.00 కొట్టి కూర్చున్నాడు. కెనడా వాడు మైక్ రిడిల్ 90.60, ఫ్రాన్స్ వాడు కెవిన్ రోలాండ్ 88.60. అందులో ఆశ్చర్యం పెద్దగా లేదు. ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీల్లో 2012, 2013, 2014 వరసగా మూడు స్వర్ణాలు, మధ్యలో ఒక ప్రపంచ చాంపియన్‌షిప్పు అప్పటికే అతని ఖాతాలో ఉన్నాయి.

అసలు తమాషా గెలిచాక జరిగింది. అతనికప్పుడు 23 ఏళ్ళు. పెళ్ళయింది, రెండేళ్ళ కూతురుంది, చర్చికి వెళ్తాడు, ఎప్పటికైనా పాస్టర్ అవుతానేమో అంటాడు. దీన్ని ఎన్‌బీసీ టీవీ వాళ్ళు తమ శీర్షికలో లోకానికి భిన్నమైన జీవనశైలిగా వర్ణించారు! ఇరవై మూడేళ్ళకి ఆలుబిడ్డలతో ఉండటం భిన్నమైతే మన తాతలంతా విప్లవకారులే. అమెరికాలోనూ చాలామంది నవ్వుకున్నారు, కొందరు మండిపడ్డారు. కాకపోతే, ఏ మాటకామాటే, ఆ స్కీయర్ల గుంపులో అతను కాస్త వింతగా కనబడ్డాడనడంలో అబద్ధం లేదు.

సోచి పేరెత్తాం కాబట్టి సారా బర్క్‌ని తలుచుకోకుండా ముందుకు పోలేం. కెనడా అమ్మాయి. ఆడవాళ్ళ హాఫ్‌పైప్‌లో ఎక్స్ గేమ్స్ స్వర్ణాలు నాలుగు గెలిచింది. ఈ పోటీని ఒలింపిక్స్‌లో చేర్చాలని ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో ముందు నిలిచింది ఆమే. 2011లో ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది. 2012 జనవరిలో యూటాలోని పార్క్ సిటీ హాఫ్‌పైప్‌లో సాధన చేస్తూ పడి, తొమ్మిది రోజుల తర్వాత కన్నుమూసింది. అప్పటికి 29 ఏళ్ళు. సోచిలో వైజ్ మెళ్ళో పడ్డ పతకం వెనక ఆవిడ కష్టం ఉంది.

గెలిచాక మూడేళ్ళు వైజ్‌కి గ్రహాలు కలిసిరాలేదు. దెబ్బలు తగిలాయి. ఎక్స్ గేమ్స్ స్వర్ణాలు వరసగా వేరేవాళ్ళు పట్టుకుపోయారు. ఇంట్లోనూ కష్టమే: అమెరికా వైమానిక దళంలో పైలట్‌గా ఉన్న అతని అక్క క్రిస్టీ 2015లో పడవ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకుంది. మరుసటి ఏడు కృత్రిమ కాలుతో మళ్ళీ విమానం నడిపిందనుకోండి. ఆ ఇంటి రక్తమే అంత కాబోలు.

ఇప్పుడు దక్షిణ కొరియా, ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్, 2018 ఫిబ్రవరి 22. ఈసారి ఫైనల్లో మూడు రన్‌లు. మొదటి రన్‌లో వైజ్ స్కీ ఊడిపోయింది. రెండో రన్‌లోనూ ఊడిపోయింది.

స్కీకి బూటుని పట్టి ఉంచేదాన్ని బైండింగ్ అంటారు. పట్టి ఉంచడం దాని పనిలో సగమే. వదలాల్సినప్పుడు వదలడం మిగతా సగం. బూటు ముందు ఒక స్ప్రింగు, మడమ వెనక ఒక స్ప్రింగు. పడ్డప్పుడు స్కీ ఒక దిక్కుకీ కాలు ఒక దిక్కుకీ మెలిపడితే స్ప్రింగు వదిలేస్తుంది, మోకాలు దక్కుతుంది. ఎంత బలం పడితే వదలాలన్నది స్క్రూ తిప్పి పెట్టుకుంటారు, పక్కనే చిన్న కిటికీలో అంకె కనబడుతుంది. సరదాకి స్కీ చేసేవాళ్ళు పెట్టుకునే అంకెకి పోటీవాళ్ళది రెట్టింపు దాకా ఉంటుంది. ఆ బిగింపు కూడా ఆ రోజు వైజ్‌కి చాల్లేదు. మూడో రన్ ముందు బైండింగులు ఎంత బిగుస్తాయో అంతా బిగించేశారు. అంటే ఏమిటో గమనించారా? ఈసారి పడితే స్కీ ఊడదు. మెలి తిరిగేది కాలే.

ఇక్కడే ఆ ఉదారమైన నియమం తన రెండో మొహం చూపిస్తుంది. సాటి అమెరికన్ అలెక్స్ ఫెరేరా అప్పటికే 96 వేసుకుని కూర్చున్నాడు. కాబట్టి పరువు దక్కించుకునేలా జాగ్రత్తగా ఒక రన్ చేసి 85 తెచ్చుకుంటే వచ్చేదేమీ లేదు. ఉన్నదంతా ఒడ్డాల్సిందే. వైజ్ దగ్గరున్నది డబుల్ కార్క్: ఒంటిని ఏటవాలుగా వంచి, గిరగిర తిరుగుతూనే రెండుసార్లు తలకిందులయ్యే విన్యాసం. దాన్ని నాలుగు దిక్కులా చేస్తాడు. ముందుకు జారుతూ ఎడమకి, ముందుకు జారుతూ కుడికి, వెనక్కి జారుతూ ఎడమకి, వెనక్కి జారుతూ కుడికి. ఈ నాలుగూ ఒకే రన్‌లో అంతకు నెల ముందు ఆస్పెన్ ఎక్స్ గేమ్స్‌లో దించి గెలిచాడు. అప్పటిదాకా ఎవరూ చేసింది కాదది. మనిషికి ఒక పక్కకే సహజంగా తిరుగుతుంది, రెండో పక్క మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. వెనక్కి వెళ్తూ గోడ ఎక్కితే దిగబోయే చోటు కనబడనే కనబడదు.

నాలుగూ దించాడు. 97.20. ఫెరేరా తన మూడో రన్‌లో 96.40 దాకా లాగాడు, ఎనభై వందలవంతులు తగ్గింది. కాంస్యం న్యూజిలాండ్ కుర్రాడు నికో పోర్టియస్‌ది, 94.80. వాడికి పదహారేళ్ళు! అదృష్టం కలిసొచ్చిందన్నవాళ్ళు ఉండొచ్చు. రెండుసార్లు స్కీ ఊడినవాడిది అదృష్టమెలా అవుతుందో నాకు బోధపడదు.

ఇంకో కబురు. సరిగ్గా మూడు రోజుల ముందు ఇదే పైప్‌లో ఆడవాళ్ళ క్వాలిఫయింగ్ జరిగింది. హంగేరీ తరఫున ఎలిజబెత్ స్వేనీ దిగింది. గోడ ఎక్కింది, దిగింది, ఈ గోడ, ఆ గోడ. చెప్పుకోదగ్గ గిరికీ ఒక్కటీ లేదు, పడనూ లేదు. 31.40తో ఆఖరిస్థానం. పాల్గొనేవాళ్ళు తక్కువగా ఉండే ప్రపంచకప్ పోటీలకి ఓపిగ్గా తిరిగి అర్హత సంపాదించుకుంది. లోకం గేలి చేసింది గానీ నేను చేయను. నియమాల పుస్తకాన్ని ఆవిడంత శ్రద్ధగా ఎవరు చదివారు?

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈ పోటీ జాంగ్‌జియాకౌ కొండల్లో. ఆ రోజు గాలి ఈడ్చి కొట్టింది. గాల్లో ఉన్న మనిషిని పక్కకి నెట్టే గాలి అది, పడ్డవాళ్ళు చాలామంది. మొదటి రన్‌లో వచ్చిన మార్కుల మీదే పతకాలు తేలిపోయాయి. మిగతా రెండు రన్‌లూ ముగ్గురిలో ఎవరికీ పనికిరాలేదు. ఆ ముగ్గురూ ఎవరంటారు? పాతవాళ్ళే, మెట్లు మారాయంతే. అప్పటి పదహారేళ్ళ పోర్టియస్ 93.00తో పైన. 31 ఏళ్ళ వైజ్ 90.75తో రెండో మెట్టు మీద. ఫెరేరా 86.75తో మూడోచోట.