పావగడలో ఎండ పంట

పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చేరినది. కాని పటం చూస్తే మూడువైపులా ఆంధ్రదేశమే. చాలా ఇళ్ళలో తెలుగు, కచేరీలో కన్నడం. వాన తక్కువ, ఎండ ఎక్కువ. వేరుసెనగ వేసి ఆకాశంవంక చూడడమే అక్కడి సేద్యం.

ఆ ఎండనే పంటగా తీయడానికి తిరుమణి, వల్లూరు, బలసముద్రం మొదలైన అయిదు గ్రామాల పొలాలలో సుమారు 13,000 ఎకరాలమీద సౌరవిద్యుత్ కేంద్రం నెలకొల్పారు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్లకు పెరిగింది.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం, మన సంఘం కుటుంబాలలో హైస్కూలు చదివే పిల్లలను పద్నాలుగుగురిని వెంటబెట్టుకొని బెంగుళూరునుండి బస్సులో వెళ్ళాము. దూరంనుండి చూచివస్తే విషయం మనస్సుకు పట్టదని, ముందుగానే పిల్లలచేత నమూనాలు చేయించాము. పన్నెండు గళ్ళున్న చిన్న సౌరఫలకం, బొమ్మ మోటారు, అట్టతో కత్తిరించిన రెక్కలు, ఒక వోల్టుమీటరు – సామగ్రి ఇంతే. గడికి సుమారు అర వోల్టు చొప్పున మొత్తం ఆరు వోల్టులు.

తిరుమణి దాటిన తరువాత బాటపక్క బండమీద నమూనాలు పెట్టారు. కంచెకు అవతల కనుచూపుమేర నీలి ఫలకాల వరుసలు. చిన్న ఫలకాన్ని దక్షిణానికి వంచితే రెక్కలు జోరుగా తిరిగాయి. ఉత్తరానికి తిప్పితే మందగించాయి. ఒక కుర్రవాడు ఒక్క గడిని బొటనవేలితో కప్పగానే పంకా ఇంచుమించు నిలిచిపోయింది. గళ్ళన్నీ గొలుసుకట్టుగా ఉన్నందున ఒక్కదానికి నీడ తగిలితే అన్నిటికీ అడ్డే. ఒక వరుస నీడ వెనుక వరుసమీద పడకుండా ఎందుకు ఎడం విడిచారో వాళ్ళకు అప్పుడు తెలిసింది. లెక్క కట్టి, మెగావాటుకు ఆరెకరాలకు పైగా భూమి పట్టిందన్నారు.

అంతలో మేకలు తోలుకుంటూ ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. పదో తరగతి అమ్మాయి, “అవ్వా, ఇది వచ్చినాక మీకు బాగుందా?” అని అడిగింది.

“భూమి ఉండేవాళ్ళకు ఏటా కౌలు దుడ్డు వస్తాది పాపా. మాకు సెంటు భూమి లేదు. శెనక్కాయ పీకే కూలితో బతికినోళ్ళం. ఆ కూలీ పాయ, మేకలకు మేతా దూరమాయ.”

ఇక్కడ రైతుల భూమిని కొనలేదు. 28 ఏండ్లకు కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏటా 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపు. కరువునేలమీద రైతుకు అది నికరమైన రాబడి. కాని ఆ పొలాలలో కూలిచేసినవారి పేరు కౌలుపత్రంలో ఉండదు.

తిరుగుప్రయాణంలో పిల్లలు పాటలు మాని ఆ మాటే చర్చించారు. మరుసటి ఆదివారం సంఘం మేడమీద ఫలకాన్ని పొడవాటి వెదురుపుల్లలమీద నిలిపి, కింద గడ్డి నాటి, మట్టి మేకలను నిలబెట్టారు. ఎత్తు పెరిగినా పంకా వేగం తగ్గలేదు. అయితే గాలికి మొత్తం ఒకసారి కూలింది. ఎత్తుకు తగిన పునాదీ, ఇనుమూ, దానికి ఖర్చూ కావాలని లెక్క రాసుకున్నారు.

ఆ నమూనా ఇప్పుడు సంఘం హాలులో ఉన్నది. ఎండ ఉన్న పూట పిల్లలను పంపండి. ఆ అవ్వ చెప్పిన మాటకూడా వాళ్ళకు చెప్పండి.