తూటా ముందుకు... తన్ను వెనక్కి!

సినిమాలో హీరో రివాల్వర్ పేలుస్తాడు. విలన్ ఎగిరి అల్లంత దూరాన పడతాడు. హీరో చెయ్యి మాత్రం ఇసుమంతైనా కదలదు! చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే అయినా, ఇందులో నిజమెంతో తేల్చుకోవాలనిపించి ఓరోజు కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నా. పదో తరగతి భౌతికశాస్త్రం చాలు ఈ లెక్కకి.

పెద్ద తూటాల పోటీ అమెరికాది. 1955లో 'పాయింట్ 44 మాగ్నమ్' వచ్చింది. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'డర్టీ హ్యారీ'తో దాని పేరు ఊరూవాడా తెలిసింది. 1983లో 'పాయింట్ 454 కాసుల్' రివాల్వర్, 2003లో స్మిత్ అండ్ వెస్సన్ వారి 'పాయింట్ 500 మాగ్నమ్' అంగళ్లకొచ్చాయి. ఇవి ముఖ్యంగా వేటగాళ్ల కోసం, ఎలుగుబంట్లుండే అడవుల్లో తిరిగేవారి కోసం.

తూటా రకాన్నీ గొట్టం పొడవునూ బట్టి అంకెలు మారతాయి. స్థూలంగా చెప్పాలంటే... 44 తూటా బరువు పదిహేనున్నర గ్రాములు, వేగం సెకనుకు 410 మీటర్లు, శక్తి 1,300 జౌళ్లు. 454కి 17 గ్రాములు, 550 మీటర్లు, 2,500 జౌళ్లు. 500 అయితే 23 గ్రాములు, 580 మీటర్లు, 3,800 జౌళ్లు. అంటే 44కి దాదాపు మూడింతలు!

ఇప్పుడు మనకు తెలిసిన క్రికెట్ బంతిని చూద్దాం. బరువు 160 గ్రాములు. ఫాస్ట్ బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరితే దాని శక్తి 120 జౌళ్లే. 44 తూటాలో పదో వంతు కూడా లేదు. కానీ బరువునీ వేగాన్నీ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం రెంటికీ ఇంచుమించు ఒకటే! నెట్టేది ఈ ద్రవ్యవేగమే. బంతి తగిలితే మనిషి గాల్లోకి ఎగరడు కదా... తూటాకీ అంతే. అది ప్రాణం తీసేది నెట్టి కాదు, లోపలికి దూసుకుపోయి.

ఆ ద్రవ్యవేగమంతా పేల్చినవారి చేతికి తిరిగొస్తుంది. మండిన మందుగుండు వాయువుల తన్ను దానికి అదనం. 500 తూటాది 44కి రెట్టింపు. అందుకే ఆ రివాల్వర్ పెద్ద మోడల్ బరువు సుమారు 2 కిలోలు! ఆరు తూటాలకు బదులు అయిదే పడతాయి.

కాలేజీలో ఎన్‌సీసీ రోజుల్లో పాయింట్ 22 రైఫిల్ పేల్చా. తన్ను లేదనే చెప్పాలి. అయినా చప్పుడుకే కళ్లు మూతలుపడ్డాయి. ఇక 2 కిలోల ఇనుము మొహంమీదికి లేస్తుంటే? తన్నుకి భయపడి చెయ్యి ముందే బిగుసుకుంటుంది. గురి తప్పుతుంది. మీదికొచ్చే ఎలుగుబంటి ముందు తప్పిన 3,800 జౌళ్ల కన్నా తగిలిన 1,300 జౌళ్లే మేలు. రెండో తూటా వెంటనే పేల్చగలగడం ఇంకా మేలు.

ఈ సంగతి డర్టీ హ్యారీకీ తెలుసు. 1973లో వచ్చిన 'మాగ్నమ్ ఫోర్స్'లో, చేతికి అదుపులో ఉండేందుకు తక్కువ జోరున్న తూటాలు వాడతానని ఆయనే చెబుతాడు. ఆ ముక్క మాత్రం మన హీరోలెవరూ కాపీ కొట్టినట్టు లేరు!