బొమ్మ లేని డబ్బా

పసిపిల్లల పాలడబ్బాను ఎప్పుడైనా పరకాయించి చూశారా? సబ్బు మీదా డైపర్ల సంచీ మీదా బోసినవ్వుల పాపాయి ఉంటుంది గాని, పాలడబ్బా మీద మాత్రం ఉండదు. 1992 నాటి చట్టం తల్లి బొమ్మను గాని బిడ్డ బొమ్మను గాని దాని మీద వేయనివ్వదు. పైపెచ్చు, తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని అమ్మేవాడి చేతనే అచ్చు వేయిస్తుంది. తన సరుకు రెండో రకమని తానే ఒప్పుకునే వస్తువు అంగడిలో అరుదు.

ఆ డబ్బా మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే కాస్త లెక్క చెప్పాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళయినా వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. రెండూ చక్కగా సరిపోయినట్టే కనిపిస్తాయి. కాని ఆ 26లో 8 వారాలు నాకు కాన్పుకు ముందే, కాళ్ళవాపులతో ఖర్చయిపోయాయి. మిగిలినవి 18. కొండాపూర్ నుంచి మైండ్‌స్పేస్ కూడలి దాటి వెళ్ళిరావడం, మధ్యలో తొమ్మిది గంటల కొలువు, వెరసి రోజుకు పదకొండు గంటలు పాపకు దూరం. అప్పటికి దానికి నాలుగు నెలలు.

"ఆవుపాలలో సగం నీళ్ళు కలిపి పట్టమ్మా, వాడు అలాగే పెరిగాడు" అన్నారు మా అత్తగారు. ఆ మాటను తోసిపుచ్చడం తేలిక కాదు, ఎదురుగా ఆరడుగుల సాక్ష్యం సోఫాలో కూర్చుని ఉన్నాడాయె! అయినా ఆవుపాలు దూడ కోసం పుట్టినవి. వాటిలోని మాంసకృత్తులు, లవణాలు పసి మూత్రపిండాలకు మించిన బరువు. ఇనుము బహు స్వల్పం, ఆ ఉన్నదీ సరిగా ఒంటబట్టదు. కొందరు శిశువులకు పేగుల్లో కంటికి కనబడనంత రక్తస్రావం కూడా జరుగుతుంది. నీళ్ళు కలిపితే బరువుతోబాటు బలమూ తగ్గుతుంది, ఇనుము మాత్రం పెరగదు. ఆరు నెలలు దాటాక మెత్తటి అన్నంలో కాస్త పెరుగు కలపడం వేరు సంగతి. తాగే పాలుగా మాత్రం ఏడాది నిండేదాకా ఆవువీ గేదెవీ వద్దన్నారు మా వైద్యురాలు.

ఇక మిగిలింది పిండి దాచిపెట్టడం. తల్లిపాలు 25 డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. ఏప్రిల్ నెల హైదరాబాదులో పాతిక డిగ్రీల గది ఎక్కడుందంటే, ఆఫీసులోనే! యాభైమంది గాని అంతకు మించి గాని పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళిరావచ్చుననీ అదే 2017 సవరణ చెప్పింది. మాకున్నది "తల్లుల గది" అనే పలక తగిలించిన ఒక చిన్న గది. నేను వెళ్ళేసరికి అందులో తరచుగా ఎవరో ఒకాయన అమెరికా వాళ్ళతో ఫోనులో మాట్లాడుతూ ఉండేవాడు. తలుపు కొట్టి నిలబడిన ఆ నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాలకు ఒక వేళ ఉంటుంది, సమావేశం ముగిసేదాకా ఆగమంటే ఆగవు, ఆగితే మర్నాటికి తగ్గుతాయి.

అలా తగ్గినమేరకే డబ్బా వచ్చింది, వైద్యురాలు వ్రాసి ఇచ్చాకే. దానికీ నియమాలున్నాయి. నీళ్ళు మరగకాచాలి, శుద్ధియంత్రంలోంచి పట్టిన నీళ్ళయినా సరే. 70 డిగ్రీల వేడి తగ్గకముందే పొడి కలిపి, తరువాత చల్లార్చాలి. డబ్బా నాలుగురోజులు ఎక్కువ రావాలని పలుచన చేయడం బిడ్డను పస్తు పెట్టడమే.

ఇప్పుడు అత్తగారే చెంచా పైభాగాన్ని కత్తివెనకతో చదును చేసి మరీ కొలుస్తున్నారు, నన్ను ముట్టుకోనివ్వరు. పాపకు ఏడాది నిండడానికి ఇంకా నలభై రోజులుంది. ఆ రోజు నుంచి అరలీటరు ఆవుపాలు ఎక్కువ వేయమని పాలబ్బాయికి ఆవిడ ఇప్పుడే చెప్పిపెట్టారు.