నీడ చాలని ఎండ

మధ్యధరా తీరంలో ఏథెన్స్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందు ఏ నెల మంచిదో చూసుకుంటారు. నక్కపల్లి పక్కనున్న మా ఉప్మాకకి ఆ వెసులుబాటు లేదు. వెంకన్న కల్యాణం ఫాల్గుణంలోనే. నెలని పంచాంగం ఖాయం చేసేసింది. మన చేతిలో మిగిలేది ఏ వేళకి కొండెక్కాలన్నదే.

ఏథెన్స్ వేసవీ తక్కువదేం కాదు. 2023 జులైలో మధ్యాహ్నం పూట అక్రోపోలిస్‌నే మూసేశారు. కానీ అది పొడి ఎండ. నీడలోకొస్తే చెమట ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఉప్మాకకి బంగాళాఖాతం దగ్గర. గాలి ముందే తేమతో నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. నీడ సగమే పనిచేస్తుంది.

అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, బీపీ. అయినా మెట్లెక్కి తీరతానంటుంది. తమ్ముడు ఫోన్ చూసి, "ముప్ఫై మూడే కదమ్మా, పదింటికి బయల్దేరదాం" అన్నాడు.

"అంకె కాదురా, ఉక్క చూడు. ఎండెక్కేలోపు దిగిపోవాలి."

తెల్లవారుజామున గాలిలో తేమ శాతం తగ్గదు, పెరుగుతుంది. కానీ వేడి తక్కువ, నెత్తిన సూర్యుడుండడు. ఆ వయసు గుండెకి అదే పెద్ద తేడా. ఎండ ముదిరితే అక్రోపోలిస్ గేటు మూయొచ్చు. ముహూర్తం కదలదు, మనిషే వేళ మార్చుకోవాలి.